మానవ ప్రోటియోమిక్స్ సింపోజియం (తిరుపతి): ప్లాస్మా డేటాతో పోస్టర్ పెడుతున్నా, వెళ్ళేలోగా ఏం సరిచూసుకోవాలి?

బయోకెమ్_తిరుపతి (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్కారం. తిరుపతిలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ, రెండో ఏడు. ఇంకో 19 రోజుల్లో మా యూనివర్సిటీలో మానవ ప్రోటియోమిక్స్ (ఒంట్లోని ప్రోటీన్లన్నిటినీ ఒకేసారి చూసే శాస్త్రం) మీద రెండు రోజుల సింపోజియం ఉంది. రెండో రోజు మధ్యాహ్నం అంతా యువ పరిశోధకులకే: పోస్టర్లు, 3 నిమిషాల టాకులు, బయటి నుంచి వచ్చే సైంటిస్టులతో తలా పది నిమిషాల ముఖాముఖి. నా అబ్‌స్ట్రాక్ట్ తీసుకున్నారు.

పని ఇదీ. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 12 మంది, ఆరోగ్యంగా ఉన్న 12 మంది. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసేది) ప్లాస్మా, డిప్లీషన్ (ఆల్బుమిన్ లాంటి ఎక్కువగా ఉండే ప్రోటీన్లను ముందే తీసెయ్యడం) చెయ్యలేదు. 8 మోలార్ యూరియాలో కరిగించి, 10 మిల్లీమోలార్ డీటీటీతో 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, 20 మిల్లీమోలార్ అయోడోఅసెటమైడ్‌తో చీకట్లో 30 నిమిషాలు, యూరియాను 1 మోలార్‌కు పలచన చేసి ట్రిప్సిన్ (ప్రోటీన్లను పెప్టైడ్ ముక్కలుగా కోసే ఎంజైమ్) 1:50 పాళ్ళలో రాత్రంతా. సీ18 మీద శుభ్రం చేసి మాస్‌స్పెక్ (బరువును బట్టి పెప్టైడ్లను గుర్తించే మెషీన్) కోసం బయటి ల్యాబుకి పంపాం. 90 నిమిషాల గ్రేడియెంట్, డీడీఏ (ఎక్కువగా కనపడిన పెప్టైడ్లనే మెషీన్ ఎంచుకునే పద్ధతి). మాక్స్‌క్వాంట్ సాఫ్ట్‌వేర్‌లో 312 ప్రోటీన్ గ్రూపులు వచ్చాయి. పి విలువ 0.05 లోపు, 1.5 రెట్ల తేడా పెడితే 27 మిగిలాయి. రోగుల్లో బాగా పెరిగినవి: హిమోగ్లోబిన్ ఆల్ఫా, బీటా, కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ 1, పెరాక్సిరెడాక్సిన్ 2, కెరాటిన్ 1, కెరాటిన్ 10, ఆ తర్వాత ఆర్‌బీపీ4, ఇంకొన్ని.

టైటిల్‌లో "కొత్త బయోమార్కర్లు" (రోగాన్ని పట్టిచ్చే గుర్తులు) అని పెట్టొచ్చా? పోస్టర్ సైజు, అక్షరాల సంగతి ఎవరైనా చెప్పండి. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన కొలువు) గురించి ఆ పది నిమిషాల్లో ఎలా అడగాలో కూడా తెలియడం లేదు.

---

మాస్‌స్పెక్_మేస్త్రి

టైటిల్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ లిస్టు చూడండి. మొదటి నాలుగు పేర్లూ ఎర్ర రక్తకణం లోపల ఉండేవి. కణంలో హిమోగ్లోబిన్ తర్వాత ఎక్కువగా ఉండేది కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ 1. పెరాక్సిరెడాక్సిన్ 2 కూడా అక్కడ దండిగా ఉంటుంది. ఇవన్నీ కలిసికట్టుగా పెరిగాయంటే ట్యూబులో కణాలు పగిలాయని అర్థం. కెరాటిన్ 1, 10 చర్మం నుంచి వచ్చేవి: చెయ్యి, దుమ్ము. పోస్టర్ ముందు నిలబడే మొదటి అనుభవజ్ఞుడు ఈ ఆరు పేర్లే వేలు పెట్టి చూపిస్తాడు.

నిర్ధారించుకోవడానికి మూడు పనులు చెయ్యండి. మిగిలిన ప్లాస్మా ట్యూబులు తెల్ల కాగితం ముందు పెట్టి ఒకదాని పక్కన ఒకటి చూడండి. లేత గడ్డి రంగు ఉంటే మంచిది. గులాబీ ఛాయ ఉంటే హిమోలిసిస్, అంటే ఎర్రకణాలు పగిలినట్టు. కంటికి కనపడనంత తక్కువైనా నానోడ్రాప్‌లో (ఒక్క చుక్కతో కాంతి శోషణ కొలిచే పరికరం) 414 నానోమీటర్ల దగ్గర హిమోగ్లోబిన్ శిఖరం తేలుతుంది, 24 ట్యూబులకూ ఆ అంకె రాసుకోండి. తర్వాత ఆ అంకెకీ, మాస్‌స్పెక్‌లో వచ్చిన కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ ఇంటెన్సిటీకీ గ్రాఫ్ గియ్యండి. రెండూ ఒకే గీత మీద నడిస్తే ఇక వాదన అక్కర్లేదు. మూడోది, హాప్టోగ్లోబిన్ చూడండి. ఒంట్లోనే కణాలు పగులుతుంటే హిమోగ్లోబిన్‌ని పట్టుకున్న హాప్టోగ్లోబిన్‌ని శరీరం తీసేస్తుంది, మట్టం పడిపోతుంది. ట్యూబులో పగిలితే పడదు. వాపు ఉన్నప్పుడు హాప్టోగ్లోబిన్ దానంతట అది పెరుగుతుంది కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ప్లేట్‌లెట్ల సంగతీ చూడండి: ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4, థ్రాంబోస్పాండిన్ 1, టాలిన్ 1. ఇవి పైకి లేస్తే స్పిన్ (సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం) సరిపోలేదని లెక్క. రక్తం తీశాక ట్యూబును 8-10 సార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి, కుదపకూడదు. గది వేడిలోనే ఉంచి గంటలోపు స్పిన్ చేసెయ్యాలి. చల్లదనానికి ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి కాబట్టి స్పిన్‌కి ముందు ఐసులో పెట్టొద్దు. మొదట 1500-2000 జీ దగ్గర 10-15 నిమిషాలు, తెల్లకణాల పొరకు అర సెంటీమీటరు పైనే ఆగి పై ప్లాస్మా తీసుకుని, కొత్త ట్యూబులో 2500 జీ దగ్గర ఇంకో 15 నిమిషాలు. ఆ తర్వాత చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80. ఎండాకాలం తిరుపతిలో ఆస్పత్రి నుంచి ల్యాబుకి ట్యూబు చేతిలో పట్టుకుని ఆటోలో వచ్చేస్తే ఆ గంట లెక్క తప్పుతుంది, దారిలో ఉన్న సమయం కూడా రాసి పెట్టుకోవాలి.

ఇంకొకటి. 8 మోలార్ యూరియాలో 56 డిగ్రీలు వద్దు, 37 దాటకూడదు. వేడికి యూరియా ఐసోసయనేట్‌గా మారి లైసిన్లకు అంటుకుంటుంది, కార్బమైలేషన్ అంటారు, 43.0058 డాల్టన్లు పెరుగుతుంది. అలా అయిన లైసిన్ దగ్గర ట్రిప్సిన్ కొయ్యదు. మీ విషయంలో చిక్కు ఇంకాస్త లోతు: కిడ్నీ రోగి రక్తంలో యూరియా ముందే ఎక్కువ, కాబట్టి ఆల్బుమిన్ ఒంట్లోనే కొంత కార్బమైలేట్ అయి ఉంటుంది. అదీ లైసిన్ల మీదే. ఒంట్లో అయిందేదో, మీ హీట్ బ్లాకులో అయిందేదో ఈ డేటాలో విడదీయలేరు. 24 శాంపిళ్ళకూ ఒకే వేడి తగిలింది గనక పరిమాణాల పోలిక మొత్తం కొట్టుకుపోదు, కానీ కార్బమైలేషన్ గురించి పోస్టర్‌లో ఒక్క ముక్క కూడా అనొద్దు. షుగర్ రోగుల్లో లైసిన్ల మీద గ్లూకోజ్ కూడా అతుక్కుంటుంది, 162.0528 డాల్టన్లు. అక్కడా కోత తప్పుతుంది. రెండు గుంపుల్లోనూ మిస్డ్ క్లీవేజ్ (ట్రిప్సిన్ కొయ్యకుండా వదిలేసిన చోట్లు) శాతం ఎంతో విడివిడిగా తీసి చూడండి.

ఒక మంచి కబురు మీ లిస్టులోనే ఉంది, ఆర్‌బీపీ4. సుమారు 21 కిలోడాల్టన్ల చిన్న ప్రోటీన్, వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. సిస్టాటిన్ సి, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ డి కూడా అదే దారి. ఇవి మీ రోగుల్లో పెరిగాయా? పెరిగితే మీ పద్ధతి పనిచేస్తోందని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం వద్దు.

---

బయోకెమ్_తిరుపతి

అన్నా, మాట రావడం లేదు. రోగుల రక్తం అంతా ఆస్పత్రి ఓపీలో తీశాం, స్పిన్ చేసేసరికి 3-4 గంటలు పట్టింది. కంట్రోళ్ళు (ఆరోగ్యంగా ఉన్న 12 మంది) మా డిపార్ట్‌మెంట్‌లో పెట్టిన క్యాంపులో, అరగంటలో స్పిన్. మెషీన్ మీద కూడా 12 కంట్రోళ్ళు మొదటి రోజు, 12 రోగులు రెండో రోజు నడిపారు. పెరిగిన వాటిలో సిస్టాటిన్ సి, బీటా-2, ఫ్యాక్టర్ డి మూడూ ఉన్నాయి.

---

గణాంకాల_గది

ఇక్కడే అసలు ముడి ఉంది. రోగం, ఆలస్యం, రన్ చేసిన రోజు మూడూ ఒకే వైపు పోగయ్యాయి. రోగి అంటే ఆలస్యంగా తిప్పిన శాంపిల్, రెండో రోజు నడిచిన శాంపిల్. ఇలా కలిసిపోయినప్పుడు ఏ బ్యాచ్ కరెక్షన్ (వేర్వేరు రోజుల రన్‌ల తేడాను సరిచేసే) సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. కాంబ్యాట్ లాంటిది వేస్తే బ్యాచ్‌తో పాటు రోగం తేడా కూడా తుడిచిపెడుతుంది. అది వెయ్యకండి.

మిగిలిన డైజెస్ట్ (ట్రిప్సిన్ కోసిన పెప్టైడ్లు) ఉందా? ఒక్కో శాంపిల్‌కు 2 మైక్రోగ్రాములు మిగిలినా చాలు. 24 వరుసను కలిపేసి మళ్ళీ నడిపించమని ల్యాబుని అడగండి: రోగి, కంట్రోల్ చీటీలు తీసినట్టు కలిసిపోవాలి. అన్నిటి నుంచీ 5 మైక్రోలీటర్ల చొప్పున తీసి ఒక పూల్ తయారుచేసి ప్రతి 6 శాంపిళ్ళకు ఒకసారి ఇంజెక్ట్ చేయించండి. ఆ పూల్ రన్‌ల మధ్య ఒక్కో ప్రోటీన్ సీవీ (సగటుతో పోలిస్తే అంకెల చెదురు) 20 శాతం దాటితే దాని మీద మాట్లాడొద్దు. మెషీన్ రోజు చిక్కు ఇలా తీరుతుంది. రక్తం ఆలస్యం చిక్కు మాత్రం తీరదు, దానికి కొత్త శాంపిళ్ళే దారి. 19 రోజుల్లో ల్యాబు టైమ్ దొరక్కపోతే ఉన్నదున్నట్టు పోస్టర్‌లోనే "పరిమితులు" అనే గడిలో రెండు వాక్యాల్లో రాయండి, అక్షరాలు తగ్గించకుండా.

ఇక 27 సంగతి. 312 పరీక్షలు చేసి 0.05 దగ్గర గీత గీస్తే, ఏ తేడా లేకపోయినా 15-16 ప్రోటీన్లు ఊరికే దాటతాయి. 1.5 రెట్ల షరతు కొన్నిటిని రాల్చవచ్చు, కానీ మిగిలినవాటిలో తప్పులెన్నో అది చెప్పదు. బెంజమిని-హాక్‌బర్గ్ సవరణ (లిస్టులో తప్పుల వాటాను అదుపులో పెట్టేది) వాడండి, 1995 నుంచీ అందరూ వాడేదే. పి విలువలన్నీ చిన్నదాని నుంచి వరుసగా పేర్చండి. మొదటిది 0.05ని 312తో భాగిస్తే వచ్చే 0.00016తో, రెండోది దానికి రెట్టింపు 0.00032తో, ఆరోది 0.00096తో పోల్చాలి. గీత లోపల పడిన చివరి వరుస ఎక్కడుందో అక్కడిదాకా తీసుకోవాలి. పెర్సియస్‌లో (మాక్స్‌క్వాంట్ ఫలితాలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్) ఒక్క బటన్, కానీ ఒకసారి ఎక్సెల్‌లో చేత్తో చెయ్యండి. ఎవరైనా అడిగితే నోటితో చెప్పగలగాలి.

అంతకన్నా ముందు, ప్రోటీన్‌గ్రూప్స్ ఫైల్‌లో రివర్స్, పొటెన్షియల్ కంటామినెంట్, ఓన్లీ ఐడెంటిఫైడ్ బై సైట్ అనే మూడు కాలమ్‌లలో ప్లస్ గుర్తు ఉన్నవన్నీ తీసేశారా? కెరాటిన్లు ఇంకా లిస్టులో ఉన్నాయంటే తియ్యలేదని తెలుస్తోంది. తీశాక కనీసం 2 పెప్టైడ్లు ఉన్నవే ఉంచండి. ఖాళీ గళ్ళు ఎలా నింపారో కూడా రాయాలి. పెర్సియస్ మామూలుగా ప్రామాణిక విచలనానికి 0.3 రెట్ల వెడల్పు, 1.8 రెట్లు కిందికి జరిపి చిన్న అంకెలతో నింపుతుంది. ఒక గుంపులో 12కి 10 ఖాళీలున్న ప్రోటీన్‌ని అలా నింపేస్తే లేని తేడా పుట్టుకొస్తుంది. కనీసం ఒక గుంపులో 70 శాతం శాంపిళ్ళలో నిజంగా కనపడినవే తీసుకోండి.

---

కుప్పం_పరిశోధకి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేనూ అదే సింపోజియానికి పోస్టర్ పంపాను. కుప్పం నుంచి రావాలి, శుక్ర, శనివారాలు. గది ఎక్కడ చూసుకోవాలి?

---

బయోకెమ్_తిరుపతి

అక్కా, విష్ణునివాసం, శ్రీనివాసం దర్శనానికి వచ్చే భక్తుల కోసం, శనివారం వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. గైడ్ సంతకంతో ఒక లెటర్ పెట్టి కన్వీనర్‌ని లేడీస్ హాస్టల్లో గెస్ట్ రూమ్ అడుగు, ఇప్పుడే. రైలైతే కాట్పాడిలో మారి చిత్తూరు, పాకాల మీదుగా రావాలి. పోస్టర్ ట్యూబు చేతిలో ఉంటుంది కాబట్టి పలమనేరు మీదుగా బస్సే సుఖం. అది లగేజీ డిక్కీలో వేయించకు, మడత పడుతుంది.

---

పోస్టర్_బోర్డు

పోస్టర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

ముందు బోర్డు కొలత కన్వీనర్‌ని అడగండి. మన దగ్గర ఎక్కువగా 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు పెడతారు. ఏ-జీరో నిలువు, అంటే 84.1 × 118.9 సెంటీమీటర్లు, అందులో సరిగ్గా పడుతుంది. ఫ్లెక్స్ షాపులో చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు, 3×4 అంటే 12 అడుగులు. మెరిసే ఫ్లెక్స్ వద్దు, హాల్లో ట్యూబులైట్ల వెలుగు పడి గ్రాఫ్ కనపడదు; మ్యాట్ అడగండి. మూలలకు ఇనుప రింగులు, పైన కర్ర వేయొద్దని ముందే చెప్పండి, అలవాటుగా వేసేస్తారు. ఫైల్ పవర్‌పాయింట్‌లో ఇస్తే షాపు కంప్యూటర్లో ఫాంట్లు మారిపోయి గ్రీకు అక్షరాలు గళ్ళుగా వస్తాయి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. సాయంత్రం షాపుల్లో పెళ్ళి, పుట్టినరోజు ఫ్లెక్సుల గిరాకీ ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి, ముందు ఒక మూల ముక్క ప్రింట్ తీయించి చూసుకోండి.

టైటిల్ 85-100 పాయింట్లు, మామూలు మాటలు 28కి తగ్గకూడదు. మొత్తం 400-500 పదాలు చాలు. చదివేవాళ్ళు నిలబడే చోటు నుంచి మొదట చూసేది మధ్య బొమ్మే: వాల్కనో ప్లాట్ (ఒక్కో ప్రోటీన్ తేడా ఎంతో, పి విలువ ఎంతో కలిపి చూపే చుక్కల పటం) పెడితే అందులో 5 పేర్లకు మించి రాయకండి. ఎరుపు, ఆకుపచ్చ జంట వద్దు, రంగులు తేడా తెలియనివాళ్ళు ప్రతి హాల్లోనూ ఉంటారు. నారింజ, నీలం పెట్టండి. పక్కన ఒక చిన్న పట్టిక తప్పనిసరి: రక్తం తీసిన చోటు, స్పిన్ దాకా పట్టిన సమయం, రన్ వరుస, ఎఫ్‌డీఆర్, అంటే తప్పు గుర్తింపుల అంచనా వాటా, ఎంత (పెప్టైడ్ దగ్గర, ప్రోటీన్ దగ్గర 1 శాతం), ఏ యూనిప్రాట్ ప్రోటీన్ డేటాబేస్, ఏ తేదీది. ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు కింద రాయండి. రా ఫైళ్ళ పేర్లలో రోగి ఇనీషియల్సో, ఐపీ నంబరో ఉంటే ఇప్పుడే మార్చెయ్యండి. రేపు ప్రైడ్‌లో (ప్రోటియోమిక్స్ డేటాను అందరికీ తెరిచి ఉంచే భాండాగారం) పెట్టేటప్పుడు ఆ పేర్లు లోకమంతా చూస్తుంది.

3 నిమిషాలంటే 350 మాటలు మించవు. ఒక్క ప్రశ్న, ఒక్క బొమ్మ, ఒక్క జవాబు. పద్ధతుల స్లైడ్ వద్దు, అడిగితే చెప్పుకోవచ్చు.

---

మాస్‌స్పెక్_మేస్త్రి

పై పట్టికకు ఒక చేర్పు. కొత్త ప్రోటీన్ కనిపెట్టామని అనాలంటే హ్యూమన్ ప్రోటియోమ్ ప్రాజెక్టు నియమం కఠినంగా ఉంటుంది: కనీసం 9 అమైనో ఆమ్లాల పొడవున్న, ఆ ప్రోటీన్‌కి మాత్రమే చెందిన 2 పెప్టైడ్లు, ఒకదానిలో ఒకటి ఇమిడిపోనివి. మీ పని కొత్త ప్రోటీన్ కనిపెట్టడం కాదు కాబట్టి మీకు ఇది కట్టుబాటు కాదు, కానీ వచ్చే సైంటిస్టులు ఆ కొలతకు అలవాటుపడిన కళ్ళతోనే చూస్తారు. 2014లో నేచర్‌లో వచ్చిన మానవ ప్రోటియోమ్ ముసాయిదాలో బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ చెయ్యి ఉంది. 30 రకాల కణజాలాలు, కణాల నుంచి 17,294 జన్యువుల ప్రోటీన్లు చూపారు. అంత పెద్ద పనిని కూడా ఎఫ్‌డీఆర్ దగ్గర మిగతావాళ్ళు గట్టిగా ప్రశ్నించారు. ప్రశ్న పడినంత మాత్రాన చిన్నబుచ్చుకోకండి.

---

ఎర్లీకెరీర్_అక్క

పది నిమిషాల ముఖాముఖి గురించి. "సార్, ఏదైనా పొజిషన్ ఉందా?" అంటే ఆ సైంటిస్టు "మెయిల్ పెట్టు" అంటారు, అక్కడితో అయిపోతుంది. దానికి బదులు ఆయన ఇద్దరు విద్యార్థుల పేపర్లు చదివి, ఒక్క చిక్కు పట్టుకెళ్ళు. నీ దగ్గర నిజంగానే ఒకటుంది: "రక్తం తీసిన ఆలస్యం, రోగం ఒకే వైపు పడ్డాయి. మళ్ళీ సేకరించేటప్పుడు ఆస్పత్రిలోనే స్పిన్ పెట్టించాలా, కంట్రోళ్ళని కూడా అదే ఓపీలో తీయాలా, ఎంతమంది చాలు?" ఇలాంటి ప్రశ్నకు పది నిమిషాలు చాలవు, మాట తానే సాగుతుంది. ఒక పేజీ కాగితం ప్రింట్ తీసి పెట్టుకో: పైన నీ పోస్టర్ గ్రాఫ్, కింద నీకు చేతనైన పనులు (డైజెషన్, మాక్స్‌క్వాంట్, ఆర్), చివర థీసిస్ ఎప్పుడు పూర్తవుతుందో నెల, ఏడాది. రెండు రోజుల్లోపు మెయిల్ పెట్టు, ఆయన చెప్పిన సలహాను మొదటి వాక్యంలోనే రాయి.

ఖాళీగా ఉన్న సాయంత్రాలకు ఒక పని. ప్రైడ్‌లో ఎవరైనా పెట్టిన ప్లాస్మా డేటా దించుకుని నువ్వే మళ్ళీ విశ్లేషించు. డీఐఏ (ఎంచుకోకుండా అన్ని పెప్టైడ్లనూ చూసే పద్ధతి) డేటా అయితే డీఐఏ-ఎన్‌ఎన్ సాఫ్ట్‌వేర్, టార్గెటెడ్ (ముందే ఎంచుకున్న ప్రోటీన్లనే కొలిచే) పద్ధతికి స్కైలైన్. రెండూ విద్యార్థులకు ఉచితం, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు కంప్యూటర్లో చిన్న సెట్లు నడుస్తాయి. మెషీన్ లేని ఊళ్ళో చదివే మనకు ఇదే పెద్ద బలం. మెషీన్ టైమ్ కావాలంటే ఐ-స్టెమ్ పోర్టల్లో దేశమంతా ఉన్న పరికరాలు కనపడతాయి. పంపే ముందు ఇవి అడుగు: కాలమ్ పొడవు, గ్రేడియెంట్, డీడీఏనా డీఐఏనా, శాంపిల్ ఎంత కావాలి, వరుస ఎవరు నిర్ణయిస్తారు, రా ఫైళ్ళు ఇస్తారా. ఎక్సెల్ మాత్రమే ఇస్తామంటే అక్కడ చెయ్యించకు.

ప్రోటియోమిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 2009 నుంచి ఉంది, విద్యార్థి సభ్యత్వం తీసుకో. థీసిస్ సమర్పించాక నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. దానికి గైడ్‌ని ముందే వెతుక్కోవాలి, ఈ సింపోజియం అందుకే పనికొస్తుంది.

---

బయోకెమ్_తిరుపతి

అందరికీ ఒకేసారి చెప్తున్నా. 414 దగ్గర చదివాను: రోగుల 12 ట్యూబుల్లో 9 ఎక్కువ, కంట్రోళ్ళలో ఒక్కటే. కార్బోనిక్ అన్‌హైడ్రేజ్‌తో గ్రాఫ్ గీస్తే దాదాపు ఒకే గీత. కంటామినెంట్లు, రివర్స్‌లు, ఒక్క పెప్టైడ్‌వి తీసేస్తే 312 కాస్తా 241 అయ్యాయి. బెంజమిని-హాక్‌బర్గ్ తర్వాత హిమోలిసిస్ గుంపు కాకుండా 5 మిగిలాయి: ఆర్‌బీపీ4, సిస్టాటిన్ సి, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, ఫ్యాక్టర్ డి, అపోలైపోప్రోటీన్ ఏ-4. డైజెస్ట్ మిగిలి ఉంది, కలిపిన వరుసలో నడపడానికి ల్యాబువాళ్ళు వచ్చే వారం టైమ్ ఇచ్చారు.

టైటిల్ ఇలా మార్చాను: "డిప్లీషన్ లేని ప్లాస్మాలో కిడ్నీ వడపోత తగ్గుదల ఆనవాళ్ళు: 24 శాంపిళ్ళ ప్రాథమిక పరిశీలన, హిమోలిసిస్ ప్రభావం". 414 గ్రాఫ్‌ని మధ్య బొమ్మగా పెట్టొచ్చా అన్నా, వాల్కనో బదులు?

---

మాస్‌స్పెక్_మేస్త్రి

పెట్టండి. ఎడమవైపు 414 గ్రాఫ్, కుడివైపు ఆ 5 ప్రోటీన్ల చుక్కల పటం, 24 మందీ ఒక్కొక్క చుక్కగా. బార్లు వద్దు. చుక్కల రంగు స్పిన్ ఆలస్యాన్ని బట్టి వెయ్యండి. ప్రతి పేరు కింద పెప్టైడ్ల సంఖ్య రాయండి. సిస్టాటిన్ సి డిప్లీషన్ లేని ప్లాస్మాలో 2 పెప్టైడ్లతోనే వచ్చి ఉంటుంది, అది తప్పకుండా అడుగుతారు. ఆ రెండు స్పెక్ట్రాలు ప్రింట్ తీసి ఫైల్‌లో దగ్గర పెట్టుకోండి.